వెనక సీటు, ఎడమ పక్క

మా ఆయన కొత్త కారు కొనుక్కున్నాక పాతది నాకొచ్చింది. పద్దెనిమిదేళ్ల బండి. చిత్తూరు నుంచి ఐరాల దగ్గరున్న మా హైస్కూలుకు రోజూ దాంట్లోనే వెళ్లేదాన్ని. నాతోపాటు ముగ్గురు టీచర్లు వచ్చేవాళ్లు. ముందు సీట్లో సైన్సు మేడమ్, వెనక కుడి పక్క హిందీ మేడమ్, ఎడమ పక్క సోషల్ సారు. సారు భారీ మనిషి. ఆయన ఎక్కగానే కారు ఒకసారి అటు ఒరిగి సర్దుకునేది. దాని గురించి ఎవరమూ ఏమీ అనేవాళ్లం కాదు.

ఒక సోమవారం స్పీడ్ బ్రేకర్ దిగుతుంటే బండి కింద గడగడమని చప్పుడైంది, రేకు డబ్బాను రోడ్డు మీద ఈడ్చినట్టు. తర్వాత బ్రేకర్ దగ్గరా అంతే. సైన్సు మేడమ్ గేరుబాక్సు అంది. హిందీ మేడమ్ కింద ఏదో రాయి ఇరుక్కుంది అంది. సోషల్ సారు కిటికీలోంచి మామిడి తోటలు చూస్తున్నాడు.

సాయంత్రం అందర్నీ దింపి, బస్టాండు వెనకున్న షెడ్డుకు తీసుకెళ్లాను. మెకానిక్ బండి తీసుకుని ఊరంతా ఒక చుట్టు తిరిగి వచ్చాడు.

"శబ్దం యాడుండాది మేడమ్? బండి బాగుండాది కదా."

వారంలో మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ బండి బుద్ధిగా ఉంది. స్కూలుకు వెళ్లేటప్పుడు మాత్రం కొన్నిరోజులు మోగేది, కొన్నిరోజులు మోగేది కాదు. మూడోసారి మెకానిక్ చెయ్యి తుడుచుకుంటూ అడిగాడు.

"శబ్దం వచ్చినప్పుడు బండిలో ఎవురెవురు ఉంటారు? ఎవురు యాడ కూసుంటారు?"

చెప్పాను. సోషల్ సారు సంగతీ చెప్పాను, వీలైనంత మర్యాదగా. మెకానిక్ పక్క అంగట్లో టీ తాగుతున్న ఇద్దరిని పిలిచి వెనక కూర్చోబెట్టి మళ్లీ తిప్పాడు. చప్పుడు రాలేదు.

"వీళ్లు సాలరు మేడమ్. ఆ సారునే పిలుచుకొని రాండి."

ఆ మాట సారుతో ఎలా అనాలో రెండురోజులు ఆలోచించాను. 'మీ సలహా కావాలి' అందామనుకున్నాను. అబద్ధం. 'అందరం కలిసి వెళ్దాం' అందామనుకున్నాను. మేడమ్‌లు రారు. చివరికి స్టాఫ్ రూములో ఎవరూ లేనప్పుడు ఉన్నదున్నట్టే అనేశాను.

"సారూ, మెకానిక్ మిమ్మల్ని తీసుకురమ్మన్నాడు."

ఆయన పేపర్లు దిద్దుతున్నాడు. తల ఎత్తకుండా "ఎప్పుడు?" అన్నాడు. అంతే.

ఆ సాయంత్రం మేడమ్‌లిద్దర్నీ దింపి షెడ్డుకు వెళ్లాం. సారు ఎప్పటి చోటనే కూర్చున్నాడు. మెకానిక్ బండి నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. మొదటి బ్రేకర్ దగ్గరే గడగడమంది. మెకానిక్ మొహం వెలిగిపోయింది. షెడ్డుకు తిరిగొచ్చి, బండిని గుంత మీద పెట్టి, సారును దిగనివ్వకుండానే కిందికి దిగి టార్చి వేశాడు.

"సైలెన్సర్ పైపును పట్టుకోనుండే రబ్బరు తెగిపోయినాది. సారు కూసుంటే బండి దిగతాది, పైపు పోయి ఇరుసుకు కొట్టుకుంటాది."

సారు కిటికీలోంచి వంగి అడిగాడు. "అంటే నేను దిగిపోతే శబ్దం పోతాదా అప్పా?"

"పోతాది సార్. రబ్బరు మార్చినా పోతాది."

రబ్బరు మార్చడానికి పావుగంట పట్టింది. సారును మళ్లీ కూర్చోబెట్టి అదే బ్రేకర్ మీద నాలుగుసార్లు ఎక్కించి దించాడు. చప్పుడు లేదు. చూసే జనానికి ఏమనిపించిందో తెలియదు.

సారును ఇంటి దగ్గర దింపడానికి బయల్దేరాను. ఏదో ఒకటి మాట్లాడాలని, "ఒక్కటే అర్థం కాలేదు సారూ. కొన్నిరోజులు శబ్దం ఎందుకు రాలేదో" అన్నాను.

ఆయన కిటికీ పైనున్న పిడి మీద చెయ్యి వేశాడు.

"నా వల్లే అని రెండోరోజే తెలిసినాది మేడమ్. బ్రేకర్ వచ్చినప్పుడల్లా పైన పిడి పట్టుకోని కొంచెం లేస్తా ఉన్న్యా. చెయ్యి నొప్పిగా ఉన్న రోజు లేయలేక పోయినాను."

ముందు ఒక బ్రేకర్ వస్తోంది. రెండో గేరులోకి మార్చి, వీలైనంత నెమ్మదిగా ఎక్కించాను.