ముక్కు మేడమ్

ముక్కు మేడమ్ ఎవరి మొహమైనా చూసేముందు వాళ్ళ చేతులు వాసన చూసేది. టైర్ల షాపు పైన, గోడంతా అద్దాలున్న గదిలో ఆవిడ పోల్ డాన్స్ నేర్పేది. నేల నుంచి కప్పు దాకా బిగించిన ఇనుప పోళ్ళు, వాటి కింద మందపాటి పరుపులు, గుమ్మం పక్కనే కుళాయి, సబ్బు. ఎవరొచ్చినా ముందు రెండు చేతులూ చాచాలి. ఆవిడ వంగి, కళ్ళు మూసుకుని, గట్టిగా పీల్చేది. క్రీమో నూనో రవ్వంత తగిలిందా, ఇక అంతే.

"ఎప్పుడు రాసుకున్నావ్?"

"రాత్రి మేడమ్. అదీ కొంచెమే..."

"కొంచెం రాసుకున్నవాళ్ళు కొంచెమే జారతారా? వెళ్ళి కడుక్కో."

ఒకసారి ఇంటి ఓనరు షేక్‌హ్యాండ్ ఇవ్వబోతే ఆ చెయ్యి పట్టుకుని కూడా వాసన చూసింది. "వేయించిన పల్లీలు తిన్నారు. పోల్ ముట్టుకోకండి" అంది. ఆయన పొట్టకి పోల్ ఎక్కే ఆలోచన కలలో కూడా రాదు. అయినా బుద్ధిగా వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. మేడమ్ భర్త పాపం ఇంటికి రాగానే బూట్లు విప్పకముందే చేతులు చాస్తాడని క్లాసులో చెప్పుకునేవాళ్ళు.

మందుల షాపులో పనిచేసే అమ్మాయికి ఈ తతంగం చూస్తే ఒళ్ళు మండేది. ఆమె నిలబడ్డచోట నిలబడే రకం కాదు. మాత్రలు కవర్లో వేస్తూ కూడా కాళ్ళు ఆడిస్తూనే ఉండేది. క్లాసులో చేరిన రోజు నుంచీ ఆమెది ఒకటే గోల.

"మేడమ్, తలకిందులుగా ఎప్పుడు?"

"ముందు తిన్నగా వేలాడు."

"వేలాడుతూనే ఉన్నాగా!"

"భుజాలు చెవుల్లోకి దూరుతున్నాయి. కిందికి లాగి వేలాడు. అదయ్యాక దిగడం నేర్చుకుందువుగాని."

"ఎక్కకుండా దిగడమేంటి మేడమ్?"

"దిగడం రానివాళ్ళని నేను ఎక్కనివ్వను. ఊఁ, ఇప్పుడు ఎడమవైపు."

ఈ ఎడమవైపు ఇంకో చాదస్తం. కుడివైపు ఎంత చేస్తే ఎడమవైపూ అంతే చెయ్యాలి. ఒళ్ళు వేడెక్కనిదే పోల్ దగ్గరికి రానిచ్చేది కాదు. ఇన్ని గండాలూ గట్టెక్కి, ఆ అమ్మాయి చివరికి పరుపు మీద, మేడమ్ పట్టుకుని ఉండగా, తలకిందులు కావడం నేర్చుకుంది. సరిగ్గా అప్పుడే క్లాసువాళ్ళు ఆదివారం ఇంట్లోవాళ్ళ ముందు ప్రదర్శన ఇవ్వాలని అనుకున్నారు.

ఆమె అక్క ఊరుకుంటుందా!

"గిటారు మంచం కింద పడి ఉంది. ఈత సగంలో మానేశావ్. నువ్వు ఏదీ చివరిదాకా చెయ్యవే. ఇదీ అంతే."

"ఆదివారం వచ్చి చూడు. తలకిందులుగా వేలాడి చూపిస్తా."

ఆ మాట జారాక ఆమెకి కాలు నిలవలేదు. షాపు మూసీ మూయగానే ఇంటికొచ్చి, అపార్ట్‌మెంట్ కింద బళ్ళు పెట్టేచోట ఒక పైపు పట్టుకుని సాధన మొదలెట్టింది. ఒళ్ళు వేడెక్కించింది లేదు. ఎడమవైపు ముట్టుకున్నదీ లేదు. శుక్రవారానికి కుడి భుజం పట్టేసింది. దువ్వెన పైకెత్తితే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మేడమ్‌కి చెబితే ఆదివారం పక్కన కూర్చోబెడుతుంది. అక్క జీవితాంతం దెప్పుతుంది. నొప్పి మందు రాసుకుంటే ఆ ముక్కు వదలదు. కానీ తను పనిచేసేది మందుల షాపులో కదా! అసలు వాసనే లేని మందు వెతికి తెచ్చుకుంది. ఆదివారం అది రాసుకుని, అది ఆరాక ఒళ్ళంతా సబ్బుతో మళ్ళీ మళ్ళీ రుద్దుకుని, గుమ్మం దగ్గర చేతులు చాచింది.

మేడమ్ పీల్చింది. ఆగింది. మళ్ళీ పీల్చింది.

"ఏంటమ్మాయ్, ఇవాళ నీ దగ్గర ఏ వాసనా లేదు?"

"స్నానం చేసి వచ్చాను మేడమ్."

"రోజూ చెయ్యకుండా వస్తావా?"

అందరూ గొల్లుమన్నారు. మేడమ్ లోపలికి వెళ్ళమని తల ఊపింది. బతికిపోయాననుకుంది అమ్మాయి.

ఇంట్లోవాళ్ళు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. అక్క ముందు వరసలోనే చేతులు కట్టుకుని కూర్చుంది. అంతలో మేడమ్ నిచ్చెనెక్కి కప్పు దగ్గర బోల్టులు తట్టి చూసి, పెద్దగా కేకేసింది.

"పోళ్ళన్నీ వదులుగా ఉన్నాయి! ఇవాళ ఎవరూ ఎక్కేది లేదు. నేల మీదే తిరగండి. ఎడమచేత్తో పట్టుకోండి, కుడిచెయ్యి నడుము మీద. అందరూ!"

క్లాసంతా లబోదిబోమంది. "నిన్నటిదాకా బాగానే ఉన్నాయిగా మేడమ్!" అంటే వినేది ఎవరు? సంగీతం మొదలైంది. నడుము మీద చెయ్యి పెట్టుకుని అందరూ ఒక్కలా తిరుగుతుంటే చూడ్డానికి నిజంగానే బాగుంది. అమ్మాయి తడబడకుండా చివరిదాకా చేసింది. ఇన్నాళ్ళూ విసుక్కుంటూ చేసిన ఎడమవైపే ఆమెని నిలబెట్టింది.

"తలకిందులు పోతే పోయింది. చివరిదాకా చేశావు చూడు, అది నాకు నచ్చింది" అని అక్క మెచ్చుకుని వెళ్ళింది.

అందరూ వెళ్ళిపోయాక పరుపులు సర్దడానికి అమ్మాయి ఉండిపోయింది. తిరిగి చూస్తే ముక్కు మేడమ్ వాటిలోనే ఒక పోల్ మీద, కప్పు దగ్గర, తలకిందులుగా వేలాడుతూ అలంకరణ రిబ్బన్లు ఊడదీస్తోంది.

"మేడమ్! వదులుగా ఉన్నాయన్నారు!"

"దానికేం, ఏనుగుని కట్టినా ఊడదు. డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్తున్నావ్?"

అమ్మాయి చెయ్యి కుడి భుజం మీదికి పోయింది. "వాసన లేని మందే రాసుకున్నా మేడమ్" అంది.

"రోజూ మందుల షాపు వాసనంతా నెత్తినెత్తుకుని వచ్చేదానివి, ఒక్కపూటలో ఏ వాసనా లేకుండా వస్తే అనుమానం రాదూ? పైగా కుడిచెయ్యి సగమే చాచావు."

"మరి అప్పుడే అడగాల్సింది."

"మీ అక్క ముందా? పరువు పోయేది నీకు. పోల్‌కి ఏం పోతుంది?"

అమ్మాయికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మేడమ్ చక్కగా, తొందర లేకుండా, నేర్పినట్టే కిందికి దిగింది.

"భుజం నయమయ్యేదాకా పోల్ ముట్టుకోవద్దు. క్లాసుకి మాత్రం రావాలి."

"వచ్చి ఏం చెయ్యను?"

"గుమ్మం దగ్గర నిలబడు. ముక్కుందిగా."

నిలబడటమంటేనే పడని మనిషికి ఇంతకన్నా శిక్ష ఏముంటుంది? అయినా తర్వాతి క్లాసుకి అందరికన్నా ముందే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. కాసేపటికి మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. కొత్త బట్టల సంచీ భుజాన వేసుకుని, క్లాసులో చేరడానికి అక్క వచ్చింది.

"పక్కకి జరగవే, లోపలికి పోనీ."

"ముందు చేతులు చాచు."

అక్క నవ్వుతూ చాచింది. చెల్లెలు వంగి, కళ్ళు మూసుకుని, గట్టిగా పీల్చింది.

"క్రీము రాసుకున్నావక్కా. వెళ్ళి కడుక్కో."