వట్టి రేడియేటరుకు కుంకుమబొట్టు

1955 జూలైలో ఆదోనిలోని ఒక జిన్నింగు మిల్లు మోటారు షెడ్డులో నేను అసిస్టెంటు మెకానిక్కుగా చేరాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నా పైన పెద్దమేస్త్రీ కాదర్ సాహెబు, ఆయన పైన మిల్లు సావుకారి. ఆ నెలలోనే సావుకారి కడుపు ఆపరేషనుకు మద్రాసు బయల్దేరాడు. ఆరేడు నెలలు అక్కడే విశ్రాంతి. పోతూ పోతూ తన కారును నాకు అప్పగించాడు. తిరిగొచ్చి స్టేషన్లో దిగిన రోజు అదే కారులో ఇంటికి పోవాలన్నాడు. పోగలిగితే నాకు ఉద్యోగం ఖాయం. లేకుంటే బజారులో మా నాయన కిరాణా అంగడి ఉండనే ఉంది. తక్కెడ పట్టుకోవడానికి ఇంకో చెయ్యి ఎప్పుడూ పనికొస్తుందని మా నాయన అప్పటికే నాలుగుసార్లు అన్నాడు.

సీజను మొదలైతే మిల్లులో కారుకు చోటుండదు. షెడ్డు నిండా పత్తి బేళ్ళు, గాలినిండా దూది నూగు. అందుకని ఎమ్మిగనూరులో సావుకారి అక్క సుబ్బమ్మ గారి బండికొట్టంలో పెట్టమన్నారు.

బండిని చాలాకాలం నిలబెట్టడానికి ఒక పద్ధతుంది. కాదర్ సాహెబు దగ్గరుండి చేయించాడు. ఇరుసుల కింద కొయ్యదిమ్మెలు పెట్టి చక్రాలు నేలకు ఆనకుండా లేపాం. ఒకే చోట బరువు మోస్తే టైర్లు చదునవుతాయి. చేతిబ్రేకు వదిలేశాం, పట్టి ఉంచితే లోపల అతుక్కుపోతుంది. పెట్రోలు తీసేశాం, బ్యాటరీ విప్పి ఆదోనికి తెచ్చుకున్నాం. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండరులో రెండు చెంచాల నూనె పోసి మళ్ళీ బిగించాం. ఎలుకలు దూరకుండా పొగగొట్టానికి గోనెగుడ్డ కుక్కాం. చివరగా రేడియేటరు అడుగున ఉన్న కొళాయి తిప్పి నీళ్ళన్నీ వదిలి, దాన్ని తెరిచే ఉంచాం. మా వైపు బావినీళ్ళు ఉప్పునీళ్ళు. కదలకుండా నిలిస్తే ఇనుమును తింటాయి, సన్నని గొట్టాల్లో ఉప్పూ తుప్పూ పేరుకుపోతాయి.

మిగిలిన పని ఒకటే. పదిహేను రోజులకోసారి నేను బస్సెక్కి పోయి, హ్యాండిలుతో ఇంజను నాలుగు చుట్లు తిప్పి, బండంతా ఒకసారి చూసి రావాలి.

అంగళ్ళ మధ్య పెరిగినవాణ్ణి. చెప్పిన ధరకు వక్కపొడి కూడా కొన్నవాణ్ణి కాదు. పోనూ రానూ ఒక దినం పోయే ఈ పనిని చెప్పినట్టే చేయడం నాకు నామోషీ అనిపించింది. సుబ్బమ్మ గారి ఎద్దులబండి తోలే నాగప్పతో బేరం పెట్టాను. వారానికోసారి అతను హ్యాండిలు తిప్పాలి, బదులుగా అతని బండి ఇరుసుకు నేనొక డబ్బా గ్రీజు ఇవ్వాలి. ఆముదం మడ్డితో నెట్టుకొస్తున్న మనిషి, వెంటనే ఒప్పుకున్నాడు. నేను అడిగింది పక్షానికొకసారి, సాధించింది వారానికొకసారి. తిరుగు బస్సులో నన్ను నేను ఎంత మెచ్చుకున్నానో ఇప్పుడు చెప్పుకోవడం బాగుండదు.

దసరా పోయింది, సంక్రాంతి కూడా దాటింది. ఆ బేరం తర్వాత నేను ఒక్కసారి కూడా పోలేదు. ఫిబ్రవరిలో జాబు వచ్చింది, సావుకారి ఇంకో పది దినాల్లో దిగుతున్నాడని. బ్యాటరీ మోసుకుని ఎమ్మిగనూరు పోయాను. కొట్టంలో కారు పైన దుమ్ము లేదు. రేడియేటరుకు ఎండిన కుంకుమబొట్టు, బానెట్టు మీద వాడిన బంతిపూల దండ. ముచ్చటగానే ఉంది. వంగి చూస్తే కొళాయి మూసి ఉంది. తిప్పాను. ఇటుకపొడి కలిపినట్టు ఎర్రటి నీళ్ళు కొంచెం కారి ఆగిపోయాయి. పుల్లతో పొడిస్తే ఇంకొంచెం వచ్చాయి.

సుబ్బమ్మ గారిని అడిగాను. ఆమెకు దాచవలసిన పనేమీ కనబడలేదు.

“ఆయుధపూజ నాడు నేనే పోయించినానప్పా, రెండు బిందెలు. దాంట్లో నీళ్ళుండే చోటు వట్టిగా ఉండాదని నాగప్ప అన్నాడు. పండగ పూట వట్టికుండకు బొట్టు పెడతారా ఎవరన్నా? అందులో మా తమ్ముడు ఆసుపత్రిలో ఉండాడు.”

పోసిన నీళ్ళు కింద కారిపోతుంటే నాగప్ప కొళాయి వెతికి మూశాడట. అతని మీద గొంతు పెంచబోయాను.

“నీళ్ళు పోయొద్దని యాడ సెప్పినావన్నా? తిప్పమన్నావు, తిప్పినాను. ఒక్క వారం తప్పలేదు. సూసేది నీ పని గదా.”

బేరంలో నేను చూడటాన్ని కూడా అమ్మేశానని అప్పుడు తెలిసింది. అతను దాన్ని కొననే లేదు.

ఆ సాయంత్రం ఆదోనికి వచ్చి కాదర్ సాహెబుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తిట్టలేదు. రేడియేటరు విప్పి తెమ్మన్నాడు. బస్సు టాపు మీద గోనెసంచుల మధ్య పెట్టి తెచ్చాను. మూడు దినాలు చాకలిసోడా కలిపిన వేడినీళ్ళు కిందినుంచి పైకి ఎక్కించి కడిగాం. తుప్పు వదిలిన కొద్దీ చిల్లులు బయటపడ్డాయి. ఐదుచోట్ల మాటు వేయించాం. మళ్ళీ బిగించి, ఇంజను లోపలి నీటిదారులూ కడిగాక, హ్యాండిలు రెండో చుట్టుకే ఇంజను అందుకుంది. ఆ పుణ్యం నాగప్పది. సావుకారి దిగిన రోజు కారు స్టేషను ముందర నిలబడి ఉంది, ఆయన అందులోనే ఇంటికి పోయాడు.

మర్నాడు మేస్త్రీ రాసిన రిపోర్టు ఆయన ముందర ఉంది. నన్ను పిలిచి ఒక్కటే అడిగాడు.

“నీళ్ళు పోసింది మా అక్కేనా?”

అక్కడ ఆగిపోతే బయటపడేవాణ్ణి. అక్కను ఆయన ఏమీ అనడు, నన్నూ అనలేడు. మంచి బేరమే.

“పోసింది అమ్మగారే. ఆ తర్వాత నాలుగు నెలలు సూడకుండా ఉండింది నేను,” అన్నాను.

ఖాయం చేయడం ఇంకో ఆరు నెలలు వాయిదా వేశాడు. ఆ ఆరు నెలలూ పని చేశాను, ఖాయమయ్యాను, ఆ షెడ్డులోనే మేస్త్రీనయ్యాను.

తర్వాత ఎన్నో బండ్లు దిమ్మెలెక్కించాను. ఒక బండిని ఎవరింట్లో నిలబెడితే వాళ్ళ పండగలేమిటో ముందే అడిగి డైరీలో రాసుకునేవాణ్ణి. ఆయుధపూజకు ముందురోజు నేనే పోయి, బండి ముందర నిండుచెంబు పెట్టించి, కొళాయి తెరిచే ఉందో లేదో వేలు పెట్టి చూసి వచ్చేవాణ్ణి. తిప్పే పనికి మనిషిని పెట్టుకోవచ్చు. చూసే పనికి మాత్రం నేను మళ్ళీ ఎవరితోనూ బేరం పెట్టలేదు.