తడి గొడుగు

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరు డేరా సినిమాలో ప్రొజెక్టరు ఒక్కటే ఉండేది. రీలు అయిపోయిన ప్రతిసారీ దీపాలు వెలిగేవి. కొత్త రీలు ఎక్కించేదాకా జనం కథ మీద వాదించుకునేవాళ్ళు. హత్య సినిమా అయితే ఆ వాదనే సగం సినిమా. నాకు లెక్కల మీద మొదటి పాఠం దొరికింది అక్కడే, బడిలో కాదు.

మాది మగ్గం ఇల్లు. కోసిగి నుంచి పనికి వలస వచ్చిన ఒక అక్క మా నూలు తీసుకుపోయి, కండెలు చుట్టి తెచ్చి ఇచ్చేది. ఆ వారం ఆమె తెచ్చినది తూచితే తక్కువ వచ్చింది. మా నాయన ఆమెను ఒక్క మాటా అడగలేదు. ఎప్పుడూ ముభావంగా ఉండే మనిషి, తలెత్తి మాట్లాడదు, ఆమే తీసి ఉంటుందని తేల్చేశాడు. మర్నాడు పని మానిపిస్తానన్నాడు. దొంగ అన్న పేరు ఒక్కసారి పడితే ఊళ్ళో ఏ మగ్గం వాళ్ళూ ఆమెకు నూలివ్వరు.

ఆ సాయంత్రం మా మేనత్త మమ్మల్నందరినీ సినిమాకు తీసుకుపోయింది. అందులో ఒక వానరాత్రి ముసలి షావుకారు హత్యకు గురవుతాడు. ఇంట్లో ఇద్దరు: ఎప్పుడూ చిటపటలాడే తోటమాలి, నవ్వుతూ అందరికీ మర్యాద చేసే మేనల్లుడు. ఆ రాత్రి గడప దాటలేదంటాడు మేనల్లుడు. కథ నత్తనడక. ఉత్త గదులనే చూపిస్తుంటే జనం ఈలలు వేశారు. మొదటిసారి దీపాలు వెలగగానే నాయన తీర్పు చెప్పేశాడు.

"తోటమాలే సంపినాడు. ఆ మొగం సూడక్కా!"

"అప్పుడే ఉరి ఏస్తాండావే! ఇంగా రీళ్ళుండాయి, కూసో," అంది అత్త.

దీపాలు వెలిగిన ప్రతిసారీ నాయనది అదే మాట. మా వెనకవాళ్ళూ ఆయనతో కలిశారు. చివరికి పట్టుబడింది మేనల్లుడు. గడప దాటలేదన్నవాడి గది మూలలో, మొదటి రీలులోనే, నీళ్ళు కారుతున్న గొడుగు ఉంది. మేం ఈలలు వేసింది ఆ గదిని చూపినప్పుడే. దాచకుండా అందరి కళ్ళ ముందూ పెట్టి, అంత నింపాదిగా కథ నడిపినవాళ్ళంటే నాకు ఇప్పటికీ గౌరవమే.

"నువ్వు మొగం సూసినావు, నేను గొడుగు సూసినా," అని అత్త ఎగతాళి చేసింది.

నాయన నవ్వలేదు. ఇంటి దారిలో ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"అక్కా, ఆ యమ్మకిచ్చిన రంగు నూలు వచ్చిన పొద్దు ముసురు గదా?"

"నన్నడుగుతావేందిరా? నూలు నీది, తక్కెడ నీది."

మర్నాడు ఆయన కోసిగి అక్క ఇంటికి పోలేదు. అదే ముసురులో వచ్చిన నూలు ఒక కట్ట పెట్టెలో విప్పకుండా ఉంది. దాన్ని తూచి, విప్పి ఎండలో ఆరేశాడు. మధ్యాహ్నం మళ్ళీ తూచాడు. ఆమె తెచ్చిన నూలు ఏ పాళ్ళలో తగ్గిందో, ఇదీ అదే పాళ్ళలో తగ్గింది. తడిగా తూచి ఇచ్చి, ఆరినాక తూచి తీసుకున్నాడు. పోయింది నూలు కాదు, నీళ్ళు.

ఆమె వచ్చినప్పుడు నాయన దాచకుండా అంతా చెప్పాడు. ఆమె మొదటిసారి తలెత్తి చూసింది.

"నీళ్ళు తాగింది ఎండ, దొంగను నేనా, అన్నా?"

నాయన కొత్త నూలును ఆమె కళ్ళ ముందే ఎండబెట్టి, ఆరినాక తూచి ఇచ్చాడు. తర్వాత మా ఇంట్లో అదే పద్ధతయింది. ఆమె మా ఇంట్లో ఏళ్ళ తరబడి పనిచేసింది.

నేను పెద్ద చదువులు చదవలేదు. లెక్కలు చూసి చూసి నేర్చుకుని, ఆదోనిలో పత్తి తూకాల దగ్గర స్థిరపడ్డాను. ఈరోజుకీ కాటా మీది అంకె చదివే ముందు పత్తిలోకి మోచేతి దాకా చెయ్యి పెడతాను. తడి తగులుతుందేమో చూసుకున్నాకే రైతు ముఖం వైపు చూస్తాను.