కూర్చున్న టీచరమ్మ పటం

పటాలు గీసే మొహాల షాపు ఆవిడను ఇప్పటికీ వచ్చినవాళ్ళందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. ఎవరిని చూసి నేర్చుకున్నావమ్మా అని. అడిగి ఊరుకుంటారా, జవాబు కూడా వాళ్ళే అందిస్తారు. తాతగారిని చూసేనా, నాన్నగారిని చూసేనా అని. మగాడు గీస్తే చెయ్యి తిరిగినవాడంటారు, ఆడది గీస్తే ఎవరి చెయ్యి పట్టుకుని గీసిందో ఆరా తీస్తారు. చూడ్డానికి ఎవరూ దొరక్కనే నేర్చుకోవాల్సి వచ్చిందండీ అంటుందావిడ. హాస్యమాడిందనుకుని నవ్వి పోతారు. హాస్యమా, నా మొహమా!

చిన్నప్పుడు ఆవిణ్ణి ఇంట్లో ఎందుకమ్మ అనేవారు. పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ప్రతిదానికీ ఎందుకని అడుగుతుందని తాత తగిలించిన పేరే నిలిచిపోయింది. తాత మాటకు ఆ ఇంట్లో తిరుగులేదు. ముందు షాపు ఆయనది, వెనక ఇల్లు ఆయనది, ఎండాకాలం ఫ్యాను గాలి కూడా ముందు ఆయనదే.

ఫొటో తెచ్చిస్తే దాన్ని చూసి నిలువెత్తు రంగుల పటం గీసివ్వడం ఆ షాపు పని. ఆఫీసుల్లో, బళ్ళలో, ఆసుపత్రుల్లో గోడలకు వేలాడే పెద్దమనుషులందరూ అక్కడ పుట్టినవాళ్ళే. అయితే అందులో ఒక కిటుకుంది. ఒక్కో మనిషినీ తల నుంచి కాళ్ళ దాకా గీస్తూ కూర్చుంటే పని ఎప్పటికి తెములుతుంది? అందుకని తలకాయ లేని ఒళ్ళు ముందే గీసి గోడకు ఆనించి పెట్టుకునేవారు. వాటిని మొండేలు అనేవారు. మొండేలు నాన్న గీసేవాడు. ఫొటో వచ్చాక దాని మీద తాత మొహం పెట్టేవాడు. అమ్మ రంగులు నూరేది, కుంచెలు కడిగేది, మనుషుల వెనకాల ఉండే తెరలూ ఆకాశాలూ గీసేది. నాన్న చేసేది పని, తాత చేసేది విద్య, అమ్మ చేసేది సాయం. అలా అనేవారు మరి.

మగ మొండేలు ఎన్నో రకాలు. కుర్చీలో పుస్తకం పట్టుకున్నది, బల్ల ముందు కలం పట్టుకున్నది, కోటు జేబులో చెయ్యి దోపి నిలబడ్డది, చేతికర్ర మీద ఆనుకున్నది. జడ్జిగారిదీ అదే నల్లకోటు, ఆ జడ్జిగారు జైల్లో పెట్టించినవాడు బయటికొచ్చి పెద్దమనిషైతే వాడిదీ అదే నల్లకోటు. ఆడ మొండెం మాత్రం ఒక్కటే రకం. మెడ కాస్త వంచి, పక్కనున్న కుర్చీ వీపు మీద చెయ్యేసి నిలబడ్డ మొండెం. ఆ కుర్చీలో మొగుడుంటాడు. ఆడవాళ్ళు పటానికెక్కేది మొగుడి పక్కనే కాబట్టి, ఇంకో రకం గీయాలని ఎవరి బుర్రకూ తోచలేదు.

ఆ మొండేల మధ్యే తిరుగుతూ పెరిగిన ఎందుకమ్మకు పదేళ్ళు దాటాక ఒక యావ పట్టుకుంది. పెద్దయ్యాక ఎవరిలా ఉండాలో ముందే చూసి పెట్టుకుందామని. తప్పేముంది? బట్ట కుట్టించుకోవడానికైనా ఒక కొలత బట్ట ఇవ్వాలి కదా. బడి హాల్లో చూస్తే గోడ నిండా పటాలు, అన్నీ వాళ్ళ షాపువే, అన్నీ మీసాలే. పాఠాల పుస్తకంలో ఆడమనిషి బొమ్మ కనిపించిందా, చేతిలో చీపురన్నా ఉండాలి, గుమ్మంలో నిలబడి ఎవరికోసమో ఎదురన్నా చూస్తుండాలి. ఒకసారి బడికి పోయే బస్సు ఒక ఆడమనిషి నడిపింది. బొద్దుగా, జుట్టు కత్తిరించుకుని, గతుకుల్లో కూడా పాట పాడుకుంటూ నడిపింది. ఎందుకమ్మ తను దిగాల్సిన చోట దిగకుండా చివరి స్టాపు దాకా వెళ్ళి, ఆలస్యమైనందుకు వీపు మోగించుకుంది. తరవాత వారం ఆ డ్రైవరమ్మ బస్సులో లేదు. టికెట్లిచ్చే కిటికీ వెనకాల కూర్చుని ఉంది, పాటా లేదు గీటా లేదు. జనం భయపడుతున్నారని మార్చేశారట. జనం ఎప్పుడు భయపడ్డారో, ఎవరితో చెప్పుకున్నారో, అడిగినవాడు లేడు.

ఇంట్లో చెబితే తాత, ఆవిడ సంగతి వేరులే అన్నాడు, మొగుడు వదిలేశాడు కాబట్టి నడిపింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ గురించి చెబితే, ఆవిడ సంగతి కూడా వేరే, అన్నదమ్ములు లేరు కాబట్టి చదివించారు. వీధి చివర ఇనప సామాను కొట్టు నడిపే ఆవిడ సంగతి మరీ వేరు, అది అసలు ఆడదే కాదు! ఎవరిని వేలుపెట్టి చూపించినా వేరే తీసి పక్కన పెట్టేవాడు, బియ్యంలో రాయి ఏరినట్టు. అందరి సంగతీ వేరైతే, మరి అందరిలాంటి ఆడది ఎవరు తాతా అని అడిగితే, మీ అమ్మ అన్నాడు. అమ్మ అప్పుడు రంగులు నూరుతోంది. తల ఎత్తలేదు.

ఇక మిగిలింది బడి పెద్ద టీచరమ్మ. ఎందుకమ్మ ఆశలన్నీ ఆవిడ మీదే. తనిఖీకి పై అధికారి వస్తే, మధ్యలో ఉన్న లెక్క పూర్తయ్యేదాకా ఆయన్ని గుమ్మంలో నిలబెట్టిన మనిషి ఆవిడ. ఆడపిల్లలకు గడియ ఉన్న మరుగుదొడ్డి కావాలని బడి కమిటీ చుట్టూ తిరిగి తిరిగి, వాళ్ళు వినకపోతే కమిటీవాళ్ళు మీటింగులు పెట్టుకునే గది తలుపు ఊడదీయించి దానికి బిగించింది. ఆవిడ రిటైరయ్యే రోజు దగ్గరపడింది. రిటైరైన పెద్దల పటాలు హాల్లో పెట్టడం ఆ బడి ఆనవాయితీ. కమిటీవాళ్ళు చిన్న ఫొటో పట్టుకుని షాపుకొచ్చారు. ఆ గోడెక్కబోతున్న మొదటి ఆడమనిషి. ఎందుకమ్మకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

నాలుగు రోజుల తరవాత బడి నుంచి వచ్చి చూసేసరికి తాత మొహం పెట్టడం మొదలుపెట్టాడు. మొహం టీచరమ్మదే. ఒళ్ళు మాత్రం ఆ ఒక్క ఆడ మొండెం. మొగుడు కూర్చునే చోట నాన్న రంగు పూసి చెరిపేశాడు. కుర్చీ మాత్రం అలాగే ఉంది, ఖాళీగా. మరుగుదొడ్డికి తలుపు తెచ్చిన మనిషి మెడ వంచుకుని, ఖాళీ కుర్చీ వీపు మీద చెయ్యేసి, ఎవరో వచ్చి కూర్చుంటారని కాచుకుని నిలబడి ఉంది.

"ఆ కుర్చీ ఎవరిది తాతా?"

"ఎవరిదైతే నీకేంటే. చెయ్యి గాల్లో పెట్టమంటావా?"

"ఆవిణ్ణే కూర్చోబెట్టొచ్చుగా."

కూర్చున్న ఆడ మొండెం ఈ షాపులో లేదన్నాడు తాత. మా నాన్న గీయలేదు, నేను గీయలేదు, మీ నాన్న గీయడు. ఎందుకంటే, అడిగినవాళ్ళు లేరు. ఇప్పుడు నేనడుగుతున్నానంది పిల్ల. తాత కుంచె తుడుచుకుంటూ, అంత దురదగా ఉంటే నువ్వే గీసుకో, దాని మీద మొహం మాత్రం నేను పెట్టను అన్నాడు. అంటే, కాళ్ళు విరగ్గొట్టి పరుగెత్తమన్నట్టు.

మర్నాడు ఎందుకమ్మ పెద్ద టీచరమ్మ గదికి పోయింది. ఆవిడ సొరుగులు ఖాళీ చేసుకుంటోంది. పిల్ల ఆయాసపడుతూ కుర్చీ సంగతంతా చెప్పింది. వినగానే ఆవిడ ఉరుముతుందని, షాపుకొచ్చి తాత మొహాన నాలుగు దులుపుతుందని ఎదురుచూసింది. ఆవిడ నవ్వి, పోన్లేమ్మా, గోడకెక్కిస్తున్నారు, అదే చాలు అంది.

అదే చాలట! ఇన్నాళ్ళూ వెతికి వెతికి, చివరికి దొరికిన ఒక్క మనిషీ ఇలా అంటే ఎలా ఉంటుంది?

"మీకు చాలేమో మేడం. రేపు హాల్లో మేం చూడాలి. ఈవిడ ఎవరి కుర్చీ కాస్తోందని చిన్నపిల్లలు అడిగితే ఏం చెప్పమంటారు?"

టీచరమ్మ సొరుగు మూయబోయి ఆగింది. వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది, చెక్క అరిగిపోయిన పాత కుర్చీ. కుర్చీ చేతుల మీద తన చేతులు ఆనించి చూసుకుంది.

"గీసేవాళ్ళుంటే నేనొద్దంటానా?" అంది.

గీయడం మాటలా? ఎందుకమ్మకు తెరల మడతలు వచ్చు, అమ్మ నేర్పింది. కూర్చున్న ఆడదాని ఒళ్ళు మాత్రం ఎక్కడ చూసి గీయాలి? మగ మొండేన్ని చూసి గీద్దామంటే, ఆ పొట్టా ఆ కాళ్ళు బార్లా చాపడమూ టీచరమ్మకు అతకలేదు. ఇక దారి లేక అమ్మనే కూర్చోమంది, పటం కోసం వచ్చేవాళ్ళకని షాపు ముందు గదిలో ఉంచిన చేతుల కుర్చీలో.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. అమ్మకు కూర్చోవడం రాదు. అంచు మీద పిచ్చిక వాలినట్టు వాలింది. వెనక్కి ఆనుకోమంటే, తనది కాని కుర్చీకి మరక అవుతుందేమో అన్నట్టు ముందుకే ఒరిగింది. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో ఉన్న పాతగుడ్డను మడతపెట్టడం మొదలుపెట్టింది. రెండు గీతలు పడేలోపు నాన్న టీ అన్నాడు, లేచింది. మళ్ళీ కూర్చుంది. పొయ్యి మీద ఏదో పొంగింది, లేచింది. నాన్న చొక్కా గుండీ కనిపించడం లేదన్నాడు. ఆ చొక్కా ఆయన ఒంటిమీదే ఉంది, అయినా లేచింది. ఇంతకాలం ఈ ఇంట్లో ఇన్ని కుర్చీలుండగా ఒక మనిషికి కూర్చోవడం రాకుండా పోయిందంటే, ఆ కుర్చీలన్నీ పొయ్యిలో పెట్టాలి!

మూడోరోజు మధ్యాహ్నం అమ్మ మళ్ళీ వచ్చి వాలింది. పిల్ల కుంచె పట్టుకుని భుజాల దగ్గరే ఆగిపోయి ఉంది. ఎన్నిసార్లు గీసినా ఆ భుజాలు లేవబోతున్నవాళ్ళ భుజాల్లాగే వస్తున్నాయి. లోపలి గది నుంచి తాత కేకేశాడు, రంగు పల్చన చేసే నూనె సీసా తెమ్మని. సీసా ఆయన చెయ్యి చాపితే అందే అలమరలోనే ఉంది. అమ్మ కాళ్ళు నేల తాకాయి, లేవబోయింది. పిల్ల ఊరికే కుంచె దించి చూసింది.

తాత మళ్ళీ పిలిచాడు, ఈసారి కాస్త గట్టిగా.

"నేను కూర్చున్నాను మావయ్యా," అంది అమ్మ. "మీరే తీసుకోండి."

ఇల్లంతా ఒక్కసారి చెవులు రిక్కించినట్టయింది. నాన్న గుమ్మంలోకొచ్చి తొంగి చూసి, ఇది తన వాటా గొడవ కాదన్నట్టు వెనక్కి తగ్గాడు. లోపల అలమర తలుపు కిర్రుమంది, సీసా మూత తీసిన చప్పుడైంది. అంతే. ఆకాశమేమీ విరిగి పడలేదు. అమ్మ వీపు మెల్లగా వెనక్కి వెళ్ళి కుర్చీకి ఆనింది. మళ్ళీ లేచిపోతానేమోనని కుర్చీ చేతులను గట్టిగా పట్టుకుంది. చూసేవాళ్ళకు ఆ పట్టు అధికారంలా ఉంది. ఎందుకమ్మ ఆ పట్టునే గీసింది.

తాత తన మాట మీదే ఉన్నాడు, మొహం పెట్టలేదు. బతిమాలితే పెట్టేవాడేమో గానీ, పిల్ల బతిమాలలేదు. ఆ షాపులో ఆడచెయ్యి మొహం ముట్టుకోవడం ఎప్పుడూ లేదు. చిన్న ఫొటో పక్కన పెట్టుకుని, కళ్ళు రెండుసార్లు చెరిపి, ముక్కు ఇంకోసారి చెరిపి, తనే పెట్టేసింది. టీచరమ్మ మొహం టీచరమ్మలాగే వచ్చింది. కుడిచెవి మాత్రం కాస్త పైకెక్కి కూర్చుంది. తాత దూరం నుంచి చూసి చెవి అన్నాడు. పిల్లకూ తెలుసు. దిద్దడానికి వ్యవధి లేదు. కూర్చున్న పటమే పంపమని టీచరమ్మ కబురు పెట్టడంతో, తాత మొదలుపెట్టిన నిలబడ్డ పటం గోడ వైపు తిరిగి షాపులోనే ఉండిపోయింది.

పటం హాలుకు చేరిన రోజు కమిటీ పెద్దమనిషి చుట్టూ తిరిగి చూశాడు. చెవి ఆయన కంటికి ఆనలేదు. మేడంగారు మరీ అలా కుర్చీ నిండా కూర్చున్నారేంటి అన్నాడు. మగవాళ్ళు కుర్చీ దాటి బార్లా పొర్లిన పటాలు ఆయన నెత్తిమీదే వేలాడుతున్నాయి. తరవాత గోడంతా కలియజూసి, ఇక్కడ ఖాళీ ఎక్కడుంది, వరండాలో పెడదాం, నీళ్ళ కుండీ పక్కన, ఆడపిల్లలు వచ్చే పోయే చోటు, వాళ్ళకూ బాగుంటుంది అన్నాడు. ఎంత తియ్యగా అన్నాడో, వింటున్న ఎందుకమ్మకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ పక్కనే నిలబడి ఉంది, పిల్ల భుజం మీద చెయ్యేసి. ఆ చెయ్యి బిగుసుకుంది.

టీచరమ్మ అప్పటిదాకా పటం ముందే ఉంది. తన మొహం కన్నా ఆ చేతులనే ఎక్కువసేపు చూసింది.

"చెవి నాది కాదు," అంది పిల్లతో. "మిగతాదంతా నాదే. నేనిలా కూర్చుంటానని నాకే తెలీదు." తరవాత కమిటీ పెద్దమనిషి వైపు తిరిగింది. "ఖాళీ లేకపోవడమేంటండీ? వాళ్ళను కాస్త జరగమనండి."

ఆయన నవ్వబోయాడు. ఆవిడ నవ్వలేదు. లెక్క పూర్తయ్యేదాకా అధికారిని గుమ్మంలో నిలబెట్టిన ఓపికతోనే నిలబడి చూస్తోంది. కాసేపటికి ప్యూను నిచ్చెన తెచ్చాడు. నల్లకోటు పెద్దమనుషులను ఒక్కొక్కరినీ దించి, పాత మేకులు పీకి, జానెడు జానెడు అటూ ఇటూ జరిపారు. మేకు వెంట గోడ సున్నం పెళ్ళలు పెళ్ళలుగా ఊడి వచ్చింది. గోడ పాడైపోతోందని కమిటీ పెద్దమనిషి గొణుక్కున్నాడు. నిచ్చెన కింద నిలబడి మేకులందిస్తున్న ఎందుకమ్మ నెత్తిమీద, మొహం మీద సున్నం రాలుతోంది. తుడుచుకోలేదు. రాలనీ.