దేవుడర్ర తలుపు, రెండు చిలుకలు

మొన్న మా అక్క కొత్తింట్ల దేవుడర్ర తలుపును నేనెట్ల మాయం చేసిన్నో వినుర్రి. ఇప్పటికీ తలుసుకుంటే అరికాలి మంట నెత్తికెక్కుతది!

జనగామల నాది పెండ్లి కార్డుల దుకాణం. ఇరవై ఏండ్లసంది కంప్యూటర్ ముందటే కూసుంటున్న. జఫర్‌గఢ్‌ల మా అక్క ఇల్లు కట్టింది. పొలం గట్టు మీది టేకు చెట్టు కొట్టిచ్చి, పలక కోయిచ్చి, రెండేండ్లు ఎండబెట్టింది.

"తమ్మీ, దేవుడర్ర తలుపుకు రెండు చిలుకలు గీసియ్యి. జాలీ లెక్క కోయిద్దం. దీపం పెడితే వెలుగు చిలుకల్లకెళ్లి బయటికి రావాలె" అన్నది. ఉన్నది గా ఒక్క పలకనే. ఆదివారమే గృహప్రవేశం.

కాటారంల సమ్మయ్య అని మిషన్ మీద కట్టె కోసెటాయన ఉన్నడు, పలక ఆయనకే పంపినం. ఆయన మిషన్ తాతల కాలంది. మనం గీసే వెక్టర్ బొమ్మ దానికి ఎక్కదట. పాత బీఎంపీ బొమ్మనే కావాల్నట! ఎంత పెద్దగ చేసినా చెదరని గీతల బొమ్మను చుక్కల బొమ్మ చెయ్యమంటే కోపం రాదా?

"సారూ, చిలుకలు నల్లగుండాలె, మిగతాదంత తెల్లగుండాలె. నలుపున్నకాడ కట్టెనంత మిషన్ ఆర్‌పార్ కోసి పొట్టు చేస్తది" అన్నడు ఫోన్‌ల.

"ఏందన్నా, నాకే నేర్పుతున్నవా?" అని టక్కున పెట్టేసిన.

నా అలవాటు పాడుగాను! పెండ్లి కార్డు మీద చిలుకంటే బంగారు రంగే కద. చెయ్యి దానంతటదే పసుపు కొట్టింది. వెనకాలకు ఏ రంగూ ఇయ్యలే. కార్డే ఎర్రగుంటది, మనమెప్పుడిచ్చినం గనుక? బీఎంపీ చేసేసరికి ఆ ఖాళీ జాగంత నల్లగయింది. తెర మీద నల్లటి దాంట్ల బంగారు చిలుకలు మెరుస్తున్నయి. "శభాష్‌రా" అని నన్ను నేనే మెచ్చుకొని పంపిన.

శుక్రారం సమ్మయ్య ఫోన్ చేసిండు. "సారూ, కోసుడు అయిపోయింది. జర వచ్చి చూడుర్రి." గొంతు అదో తీరుగున్నది. అక్కను తోలుకొని పోయిన.

మిషన్ కాడ పొట్టు కుప్ప ఉన్నది. సమ్మయ్య దాంట్లకెళ్లి రెండు టేకు చిలుకలు తీసి, తువ్వాలతోటి తుడిచి, అక్క చేతుల పెట్టిండు.

"మంచిగున్నయి. తలుపేది?" అన్నది అక్క.

"గిదే అక్కా. మిషన్ పెట్టి బువ్వ తినపోయిన. వచ్చేసరికి గివే మిగిలినయి."

నాకు ఒళ్లు మండిపోయింది! "నీకు కండ్లు లేవా? అంత నలుపు కనపడలేదా? అడగొద్దా?"

"అడుగుదామని రెండుసార్లు ఫోన్ చేసిన సారూ. 'నీ పని నువ్వు చూసుకో' అని మీరే పెట్టేసిర్రి."

ఆ మాట నిజమే. అయినా ఊకుంటనా? కంప్యూటర్‌ను తిట్టిన, బీఎంపీని తిట్టిన, దాన్ని కనిపెట్టినోని ఏడు తరాలను తిట్టిన. సమ్మయ్య తన పాత కంప్యూటర్ తెరిచి నా ఫైల్ చూపెట్టిండు. తలుపు తలుపంత నలుపు! రెండేండ్లు ఎండిన పలకను నేను పొట్టు చేసిన. బస్సుల అక్క చిలుకలను ఒళ్లె పెట్టుకొని కిటికీలకెళ్లి చూసుకుంట కూసున్నది. తిట్టినా బాగుండు అనిపిచ్చింది.

ఆదివారం దేవుడర్రకు తలుపు లేదు. అక్క తన కొత్త చీరను పరద కట్టింది. అయ్యగారు "తలుపేదమ్మా?" అంటే చుట్టాలంత నా దిక్కే చూసిర్రు. మెల్లగ వెనక్కి జారుకుంటుంటే అక్క గట్టిగ పిలిచింది.

"ఏడికి పోతున్నవ్ తమ్మీ? కుడికాలు ముందు పెట్టి లోపటికి రా. చేతులు మాత్రం రెండూ జేబుల్లనే పెట్టుకో!"