తలుపు మూసిన గదిలో కసరత్తు

“నీ చిన్నప్పుడు ఏసీ లేదు, ఫ్యాను లేదు, కరెంటే లేదు. ఆ కథ నాకు చెప్పొద్దవ్వా. నాకు ఈడ ఊపిరి ఆడ్డంల్యా,” అని నా మనవరాలు చెంబు నీళ్ళు నెత్తిన కుమ్మరించుకుంటూ అనింది.

“ఏసీ పెట్టిస్తే కానిస్టేబులు అయిపోతావా? రేపు గ్రౌండులో పరిగెత్తేటప్పుడు నీ వెనకాల ఏసీ మోసుకొని ఎవరొస్తారు మే?” అన్నాను నేను.

“గ్రౌండుకు పోయి చేసుకుంటానంటే వద్దంటివి. మిద్దె మీదికి పోతానంటే చుట్టూ ఇండ్లోళ్ళు చూస్తారంటివి. ఇంట్లో తాడు ఎగురుతాంటే తలుపెయ్యి, కిటికీ ఎయ్యి అంటాండావ్. ఇంగ నేను యాడ చేసుకోవల్ల?”

“ఎదురుగా టీ అంగడి కాడ కూర్చున్నోళ్ళకు పనేముంది? నువ్వు ఎగురుతాంటే చూస్తా కూర్చుంటారు. వాళ్ళ కండ్లకు నువ్వేమన్నా బొమ్మలాటవా?”

“అయితే ఏసీ పెట్టించు.”

“పెట్టను.”

అది గోడకు ఆనుకుని నాపబండల మీద కూర్చుంది. మొహం కందిపోయి ఉంది. పొద్దున కూడా ఇలాగే ఎగిరి ఎగిరి, కండ్లు మసకలు కమ్మి గోడ పట్టుకుని నిలబడింది. నేను చూడలేదనుకుంది. పోయినసారి రాత పరీక్ష గట్టెక్కి, పరుగులో రాలిపోయిన పిల్ల అది. ఈసారి పరుగు పరీక్షకు ఎన్నో రోజులు లేవు. దాని అమ్మ కోయిలకుంట్లలో ఉంటూ, చదువుకని దీన్ని నంద్యాలలో నా దగ్గర పెట్టింది. ఈసారి కూడా తప్పితే ఇంక చదివించలేనని చెప్పేసింది. అది పంతం పట్టడంలో తప్పు లేదు. నేను ఏసీ వద్దన్నది పిసినారితనంతో అని అది అనుకుంటుంది. కొంత నిజమే. మనుషులు లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే నాకు నిద్ర పట్టదు. కానీ మొత్తం అదొక్కటే కాదు.

వాన వచ్చినట్టే వచ్చి నాలుగు చినుకులు రాల్చి పోయిన సాయంత్రం అది. ఇలాంటప్పుడు ఎండ కన్నా ఉక్కపోత మనిషిని ఎక్కువ తింటుంది. దాని చెమట గడ్డం మీది నుంచి కారి బండ మీద చిన్న మడుగు కట్టింది. ఆ మడుగు ఎంతకీ ఆరలేదు. దాన్ని చూస్తూ ఉంటే మా చిన్నాయన గుర్తొచ్చాడు.

నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు మాది ఆళ్లగడ్డ పక్కన పల్లె. మా నాయన తమ్ముడికి అప్పటికి పెండ్లి కాలేదు. మనిషి పొడుగు, మాట తక్కువ. మా ఊళ్ళో పీర్ల పండుగ రోజున అందరూ చేరేవాళ్ళు, ఏ కులమోళ్ళైనా, ఏ దేవుణ్ణి మొక్కేవాళ్ళైనా. పీర్ల చావిడి ముందర ఒక నున్నటి రాతి గుండు ఉండేది. పడుచువాళ్ళు దాన్ని ఎత్తి భుజం మీదుగా వెనక్కి వెయ్యాలి. వేసినవాణ్ణి మళ్ళీ పండుగ దాకా ఊరు గుర్తుపెట్టుకుంటుంది. అంతకు ముందు పండుగకు మా చిన్నాయన మోకాళ్ళ దాకా లేపి వదిలేశాడు. చుట్టూ జనం నవ్వారు. ఆ నవ్వు అతన్ని ఏడాది పొడుగునా వదల్లేదు. తిండి కాడ కూడా తల ఎత్తేవాడు కాదు.

ఆ యేడు పండుగ వానల కాలంలో వచ్చింది. పండుగ దగ్గర పడే కొద్దీ చిన్నాయన గింజల గదిలోకి పోయి తలుపు వేసుకునేవాడు. మా ఊళ్ళో గుండు ఎత్తాలనుకున్నవాడు బయట కసరత్తు చేయడు. చూస్తే దిష్టి తగులుతుందని ఒక భయం, పోటీకి వచ్చేవాడికి తన బలం తెలిసిపోతుందని ఇంకో భయం. అందరూ అలాగే గదుల్లో దూరి చేసేవాళ్ళు. మా గింజల గదికి కిటికీ లేదు. వెలుతురు కోసం మిద్దె కప్పులో ఒక కంత ఉండేది. దాన్ని మేము గవాచి అనేవాళ్ళం. వానలని దానికీ బండ మూత పెట్టి ఉంచారు. లోపల సజ్జల మూటల మధ్య మా చిన్నాయన, కంబళి కప్పుకుని, తిరగలి రాయి ఎత్తి దించేవాడు.

కంబళి ఎందుకని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. చెమట ఎంత కారితే అంత బలం వస్తుందని అతనికి ఎవరో చెప్పారు. నీళ్ళు కూడా తాగేవాడు కాదు, కడుపు బరువెక్కుతుందని. నాకు తలుపు సందులోంచి చూడటం ఒక ఆట. మనిషి ఒంట్లో అన్ని నీళ్ళు ఎక్కడ దాక్కుని ఉంటాయా అని ఆశ్చర్యపోతూ చూసేదాన్ని.

ఒక మధ్యాహ్నం రాయి దించిన చప్పుడు వినపడింది. మళ్ళీ ఎత్తిన చప్పుడు లేదు. సందులోంచి చూస్తే అతను మూట మీదికి ఒరిగి ఉన్నాడు. నోట్లోంచి ఏదో మాట వస్తోంది కానీ అది మాటలాగా లేదు. పిలిస్తే పలకలేదు. నేను అరుచుకుంటూ పోయి మా జేజిని తీసుకొచ్చాను. జేజి అంటే మా నాయన తల్లి. ఏడవలేదు, ఎవరినీ పిలవలేదు. కొడవలి సందులో దూర్చి గడియ పైకి లేపింది. కంబళి లాగి అవతల పడేసింది. చంకల కింద చేతులేసి, నన్ను కాళ్ళు పట్టమని, అతన్ని వసారాలోకి ఈడ్చింది. కుండెడు నీళ్ళు తల మీద, మెడ మీద, రొమ్ము మీద పోసింది. తర్వాత చేట తీసుకుని విసరడం మొదలుపెట్టింది. చెయ్యి నొప్పెడితే చేట నాకు ఇచ్చింది, నాకు నొప్పెడితే మళ్ళీ తను తీసుకుంది. ఒళ్ళు ఆరినప్పుడల్లా మళ్ళీ నీళ్ళు పోసింది. ఎప్పటికో అతను కండ్లు తెరిచి, “ఏందిమ్మా?” అన్నాడు. అప్పుడు జేజి కూర్చుంది.

లేచి కూర్చున్నాక ఉప్పు వేసిన మజ్జిగ కొంచెం కొంచెంగా తాగించింది. ఆ రోజు ఒక్క మాట కూడా అనలేదు. మా జేజి తిట్లకు వీధి చివరి వాళ్ళు కూడా భయపడేవాళ్ళు. అలాంటిది తిట్టకుండా ఉండటం నాకు వింతగా అనిపించింది.

మర్నాడు పొద్దున ఒకే పాత పంచెను రెండు ముక్కలుగా చించి, రెండూ ఒకే బానలో ముంచి, ఒకేలా పిండింది. ఒకటి గింజల గదిలో మేకుకు తగిలించి తలుపు మూసింది. ఇంకోటి వసారాలో దండెం మీద వేసింది. ఏది ముందు ఆరుతుందో చూసి చెప్తే నాకు బెల్లం ముక్క ఇస్తానంది. ఆ రోజు ఎండ లేదు, మబ్బే. రెంటికీ ఎండ లేనప్పుడు రెండూ ఒకేసారి ఆరతాయి కదా అని నాకు అనుమానం. పోయి ఇది తాకి, వచ్చి అది తాకి, ముక్కుకు పెట్టుకుని వాసన చూసి, ఆ పూటంతా అదే పని. అన్నానికి పిలిస్తే కూడా చేతిలో ముద్ద పెట్టుకుని తిరిగాను. వసారాలోది గాలి వచ్చినప్పుడల్లా కొంచెం తేలికయ్యింది. సాయంత్రానికి ఆరింది. గదిలోది తెచ్చి పిండితే ఇంకా తడి తగులుతోంది. పైగా ముక్కిన వాసన.

అప్పుడు జేజి ఆ తడి ముక్కను తీసుకుపోయి, వసారాలో పడుకుని ఉన్న చిన్నాయన ఒంటి మీద వేసింది.

“ఇదీ రా నీ ఒళ్ళు. ఆ గదిలో నీ చెమట యాడికి పోతాది? కారితే సల్లబడదు, ఆరితేనే సల్లబడతాది. దాని మీద కంబళి ఒగటి కప్పుకుంటివి.”

అతను ఆ గుడ్డను చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు. ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదా అన్నట్టు ఉంది అతని మొహం.

నాకు బెల్లం దొరికింది కానీ అనుమానం తీరలేదు. పెరట్లోకి పోయి ఒక చెయ్యి నీళ్ళలో ముంచి, ఇంకో చెయ్యి పొడిగా ఉంచి, రెండు చేతుల మీదా నోటితో ఊదుకున్నాను. తడి చెయ్యి చల్లబడింది. పొడి చెయ్యి ఊరికే ఉంది. గాలి ఒకటే, నోరు ఒకటే. చల్లదనం గాలిలో లేదు, తడి వదిలి పోవడంలో ఉందని నాకు నేనుగా కనిపెట్టుకున్నాను. బడికి పోయింది కొన్నాళ్ళే, అందులో ఇది ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం కనబడిన ప్రతివాళ్ళ చేతి మీదా నీళ్ళు చల్లి ఊది, తిట్లు తిన్నాను.

ఆ తర్వాత జేజి చిన్నాయనకు ఒక పద్ధతి పెట్టింది. పొద్దు పొడవక ముందే, వాకిట్లో, ఒంటి మీద గోచీ తప్ప ఏమీ లేకుండా చెయ్యాలి. కాసేపు ఎత్తి కాసేపు కూర్చోవాలి. దాహం వెయ్యక ముందే నీళ్ళు తాగాలి. బాగా ఉక్కగా ఉన్న రోజు సగం చేసి చాలించాలి. తల తిరిగినా, వికారం పుట్టినా, ఆ పూటకు రాయి ముట్టకూడదు. చిన్నాయన అన్నిటికీ తల ఊపాడు, వాకిలి అన్న మాట దగ్గర ఆగాడు.

“వాకిట్లో చేస్తే అందరూ సూస్తారు మా.”

“పండగ రోజు ఊరంతా సూసేదానికే గదరా ఎత్తేది. ఆ పొద్దు సూసే కండ్లే ఈ పొద్దూ సూస్తాయి. ఇప్పుడే అలవాటు చేసుకో.”

చేశాడు. మొదట్లో దారిన పోయేవాళ్ళు నిలబడి చూసి, మోకాళ్ళ దాకానే కదా అని ఎగతాళి చేశారు. కొన్నాళ్ళకు వాళ్ళే అలవాటు పడి బిందెలు ఎత్తుకుని పోసాగారు. పండుగ రోజు గుండును భుజం మీదికి తెచ్చాడు, వెనక్కి మాత్రం వెయ్యలేకపోయాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా అతనికి వినపడి ఉండదు. ఇంటికొచ్చి తల ఎత్తుకుని కడుపు నిండా తిన్నాడు.

ఆ రోజుల నుంచి నేను నాతో తెచ్చుకున్నది తడిగుడ్డ సంగతి ఒక్కటే అని ఇన్నేండ్లూ అనుకున్నాను. ఉక్కపోతగా ఉన్న రోజు అటొక కిటికీ, ఇటొక కిటికీ తెరిచి పెట్టడం, ఫ్యాను కింద కూర్చునే ముందు మెడ తడుపుకోవడం, పొయ్యి పని పెందలాడే ముగించుకోవడం, ఇవన్నీ జేజి సొత్తే. నా కూతురికి నేర్పాను, ఇరుగుపొరుగుకు చెప్పాను. దీనికీ చెబుదామనే నోరు తెరిచాను. “కిటికీ తెరువు, గాలి ఆడనీ” అనాలి. కానీ కిటికీ మూయించిందే నేను. గాలి ఆడాలంటే వీధి కనబడాలి, వీధి కనబడితే వీధికీ మనం కనబడతాం. జేజి రెండు మాటలు చెప్పింది. ఆరిందీ ఆరనిదీ తాకి చూసుకునే ధ్యాసలో రెండోది, చూసే కండ్లకు అలవాటు పడమన్నది, నేను చెవిన వేసుకోలేదు కాబోలు. అది నాకు ఇప్పుడు, నాపబండ మీద చెమట మడుగును చూస్తుంటే, కొత్తగా విన్నట్టు వినపడింది.

పరుగు పరీక్ష రోజున గ్రౌండు చుట్టూ మనుషులు ఉంటారు. పరిగెత్తేవాళ్ళు, చేతిలో గడియారాలు పట్టుకున్నవాళ్ళు, గోడ ఎక్కి చూసేవాళ్ళు. నాలుగు గోడల మధ్య ఎగిరిన పిల్లకు ఆ పొద్దు కాళ్ళు తడబడకుండా ఉంటాయా? పోయినసారి అది రాలిపోయింది ఊపిరి చాలక కాదేమో. అడిగాను.

“పోయినసారి పరుగులో ఏమయింది మే? నిజం చెప్పు.”

అది తల తుడుచుకుంటూ, “అందరూ నన్నే చూస్తాండారనిపించిందవ్వా,” అనింది.

నేను లేచి కిటికీ తెరిచాను. అది నా మొహం వంక ఇదేం వింత అన్నట్టు చూసింది.

మరుసటి రోజు వెలుగు రాకముందే దాన్ని నేనే లేపాను. ఇద్దరం మిద్దె ఎక్కాము. నేను పిట్టగోడ దగ్గర కుర్చీ వేసుకున్నాను. అది తాడు ఎగిరింది, ఆయాసం రాగానే ఆగింది, నీళ్ళు తాగింది, మళ్ళీ ఎగిరింది. తెల్లవారే కొద్దీ పక్క మిద్దె మీద పండ్లు తోముకుంటున్న ఆయన చెయ్యి ఆపి చూశాడు. కింద టీ అంగడి దగ్గర ఇద్దరు తల పైకెత్తారు. అది ఆగి నా వైపు తిరిగింది. నేను కుర్చీలోంచి లేవలేదు. “కానీ,” అన్నాను. అది మళ్ళీ ఎగరడం మొదలుపెట్టింది.