బాలవ్వ కొట్టిన మొదటి దెబ్బ

మా అత్త బాలవ్వ సూరత్‌కు వచ్చిన కొత్తల బట్ట నేసే సాంచాల కార్ఖానాల కండెలు చుట్టేది. నోరు పదును. ఒకరి ముందు కూసొని ఏడ్చుడు ఆమెకు తెల్వదు. కొడుకు, అంటె మా ఆయన, పోయిన దినాలల్ల కూడా వచ్చినోళ్లకు చాయ్ పోసింది ఆమెనే.

సూరత్‌ల అమ్రోలి దిక్కు ఒక బిల్డింగుల మాది కింది అంతస్తు. ముందు రూములనే బిల్డింగు పిల్లరు ఒకటి ఉంటది. అది పగుళ్లిస్తే, మా ఆయన ఉన్నప్పుడు దాని మీద మెరిసే టైల్స్ అంటించిండు. ఇప్పుడు దానికే ఆయన ఫోటో పెట్టినం.

ఈ ఎండాకాలం సొసైటీవాళ్లు పిల్లర్లకు బలం చేయించుడు మొదలుపెట్టిన్రు. సిరిసిల్ల దిక్కు మేస్త్రీ సోమలింగం వచ్చిండు. పాత పెచ్చులు ఊడగొట్టాలె, తుప్పు గీకాలె, చుట్టూ కొత్త చువ్వలు కట్టి కాంక్రీటు పొయ్యాలె. అందరివి అయినయి, మాదే ఆగింది. చావు జరిగిన ఇంటికి ఏడాది మాసికం దాకా సుత్తె ముట్టియ్యద్దని, ముట్టిస్తే ఇంకొకరికి కీడని మా అత్త అడ్డం కూసున్నది. పైన ఉండే నీరజకు నెలలు నిండినయి. ఆమె మెట్లు దిగొచ్చి బతిమాలింది. అత్త అన్నం పెట్టి పంపింది గాని ఒప్పుకోలేదు.

సోమలింగం టైల్‌ మీద వేలుతో కొట్టి చూసిండు. డొల్ల చప్పుడు.

"అవ్వా, లోపల చువ్వలు ఉబ్బినయి. వానలు వడితే నా జిమ్మ కాదు."

"నిన్న తాగిన చాయ్ గ్లాసే వాపస్ ఇయ్యలె, నువ్వు బిల్డింగు జిమ్మ తీసుకుంటవారా?"

ఆ పగలంతా ఆమె కప్పు దిక్కు చూసుకుంట కూసున్నది. పైన నీరజ నడిచే చప్పుడు వినవడుతనే ఉన్నది.

తెల్లారి ఫోటో తీసి నా చేతుల పెట్టింది. దూలం కింద బరువాపే ఇనుప పోట్లు పెట్టినవా అని సోమలింగాన్ని అడిగింది. పెట్టిన అన్నడు. సుత్తె ఇయ్యమన్నది.

"మొదలు నేను కొడత. కీడు ముట్టితే కొట్టినోళ్లకే ముట్టాలె."

సోమలింగం నా దిక్కు చూసిండు. నేను ఫోటో పట్టుకొని పక్కకు జరిగిన.

కొట్టింది. టైల్ పెచ్చుతోని సహా ఊడి వడ్డది. లోపల చువ్వ ఎర్రగ, పొరలు పొరలుగ లేచి ఉన్నది. అత్త దగ్గరికి వంగి చూసింది.

"ఎంత మంచిగ కప్పిండు" అన్నది.

సుత్తె ఇచ్చేసి చాయ్ పెట్టనీకి పోయింది.

ఇప్పుడు పిల్లరు లావైంది. బీరువా తలుపు సగమే తెరుసుకుంటది. కొత్త కాంక్రీటుకు మేకు కొట్టద్దన్నరు, ఫోటో ఆమె మంచం పక్క గూట్ల ఉన్నది. నీరజకు ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ మంచిగున్నరు.

ఏడాది మాసికం ఇంకా రాలేదు. మొన్న నాకు జ్వరమొచ్చింది. కొట్టింది నేనైతే జ్వరం దీనికెందుకు వచ్చిందని మా అత్త డాక్టర్‌నే అడిగింది.